అర్జీ ఎవరి పేరు మీద రాయాలి? తెలంగాణ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ, శాసనమండలి సభ్యులందరికీ,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు నడుపుకుంటూ బతుకుతున్నాను. పెన్షన్ ఆగిపోయిందని, రేషన్ కార్డులో పిల్ల పేరు ఎక్కలేదని, ఇంటి ముందు డ్రైనేజీ పొంగుతోందని, వీధి దీపం వెలగడం లేదని జనం వచ్చి చెప్తారు. నేను అర్జీ టైపు చేసి ఇస్తాను. ఈ లేఖలో రాస్తున్న విషయాలనే మా బస్తీ సంఘం తరఫున ఇదివరకే అర్జీగా ఇచ్చాం. ఆఫీసుల్లో ఇచ్చాం, ప్రజాప్రతినిధుల చేతికీ ఇచ్చాం. ఇన్‌వార్డు నంబరు వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా గోడు చెప్తాను. మా బస్తీ వెనక నాలా ఉంది. గట్టి వాన పడితే ఆ నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఇళ్లలో పనిచేసుకునే ఒక అక్క ఫోన్‌లో తీసిన ఫొటోలు ప్రింటు తీయించుకోవడానికి మా షాపుకి వచ్చింది. మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి ఉన్నాయి. మంచం మీద బియ్యం సంచి, పిల్లల స్కూలు బ్యాగులు, గ్యాస్ సిలిండర్. గోడ మీద మోకాలి ఎత్తున బురద గీత. ఆ ఫొటోలు జతచేసి అర్జీ రాశాను. ఒక ఆఫీసుకు వెళ్తే ఇది మురుగు లైను సమస్య, ఫలానా చోటికి పొమ్మన్నారు. అక్కడికి వెళ్తే వాననీటి కాలువ మా పరిధిలోకి రాదన్నారు. చివరికి కాగితం మీద 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. కూలి పోగొట్టుకుని చెప్పులరిగేలా తిరిగితే ఆమె చేతికి వచ్చింది అదొక్కటే.

ఇదివరకు ఇలాంటప్పుడు పొద్దున్నే కార్పొరేటర్ ఇంటికి వెళ్లేవాళ్లం. పని అయ్యేదో కాదో, అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. మళ్లీ ఓటు కోసం మా గల్లీలోకి రావాలన్న భయం ఆ మనిషికి ఉండేది. కార్పొరేటర్లతో కూడిన పాలకమండలి గడువు తీరిపోయింది, కొత్త ఎన్నిక జరగలేదు, అదీ పోయింది. "అన్నా, ఈసారి ఎవరి పేరు మీద రాస్తవ్?" అని ఆ అక్క అడిగింది. పాలకమండలి స్థానంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి గారికి అని రాశాను. ఆ అధికారిని ఆమె ఎన్నుకోలేదు. పని చేయకపోతే దించే మార్గమూ ఆమెకు లేదు.

ఈ లేఖ మున్సిపల్ కమిషనర్‌కో మంత్రికో కాకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, నగర పాలక సంస్థలకు ఏ అధికారాలు ఇవ్వాలో చట్టం చేసే పని రాజ్యాంగం 243డబ్ల్యూ ఆర్టికల్ ప్రకారం రాష్ట్ర శాసనవ్యవస్థది. అంటే మీది. పైగా నగరానికి చెందిన మీలో చాలామంది కార్పొరేషన్‌లో ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే పదవి రీత్యా సభ్యులు కూడా. తాళం చెవి మీ దగ్గరే ఉంది.

1. నగరానికి ఎన్నికైన పాలకమండలి ఉండటం ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు. 

రాజ్యాంగసభలో మొదటి ముసాయిదాలో గ్రామ పంచాయతీల ప్రస్తావనే లేదు. 1948 నవంబరులో కె. సంతానం సవరణ పెడితే మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు లేచి మద్దతు పలికారు. అలా 40వ ఆర్టికల్ వచ్చింది. కానీ అది ఆదేశిక సూత్రాల్లో చేరింది కాబట్టి, అమలు చేయమని కోర్టుకెళ్లి పట్టుబట్టే వీలు లేకపోయింది. రాష్ట్రాలు బుద్ధి పుడితే ఎన్నికలు పెట్టాయి, లేకపోతే ఏళ్ల తరబడి ఊరుకున్నాయి. ఈ జాడ్యాన్ని పోగొట్టడానికే 73, 74 సవరణలు వచ్చాయి. పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన 243యూ ఆర్టికల్‌లో నగర పాలకమండలి గడువు మొదటి సమావేశం నుంచి ఐదేళ్లు, 'అంతకు మించి కాదు' అని ఉంది. ఆ ఐదేళ్లు పూర్తికాక ముందే కొత్త ఎన్నిక ముగిసిపోవాలని ఉంది. మధ్యలో పాలకమండలిని రద్దు చేసినా ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలి. 

ఈ వాక్యాల్లో వెసులుబాటు ఎక్కడుందో నాకు కనిపించలేదు. 2006 అక్టోబరులో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే చెప్పింది. ప్రకృతి వైపరీత్యంలాంటి అసాధారణ పరిస్థితి తప్ప ఏ సాకుతోనూ ఎన్నిక ఆలస్యం చేయకూడదంది. ప్రభుత్వం సహకరించకపోతే రాష్ట్ర ఎన్నికల సంఘం నేరుగా హైకోర్టుకు వెళ్లవచ్చని దారి కూడా చూపించింది.

2. హైదరాబాద్‌లో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. 

మున్సిపల్ కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత నగరవాసి మళ్లీ ఓటు వేసింది 2002లో. మధ్యలో రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాక కూడా ఎనిమిదేళ్లకు పైగా గడిచాయి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. ఆ గ్రేటర్‌కు తొలి ఎన్నిక 2009 నవంబరులో గానీ రాలేదు. ఆ పాలకమండలి గడువు 2014 డిసెంబరులో తీరితే, హైకోర్టు గట్టిగా అడిగాక 2016 ఫిబ్రవరిలో పోలింగ్ పెట్టారు. 2020 డిసెంబరులో ఎన్నికైన పాలకమండలి 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరింది. దాని ఐదేళ్లు 2026 ఫిబ్రవరి 10తో నిండాయి. ఆలోపు కొత్త ఎన్నిక పూర్తి కాలేదు. అంటే మూడు దశాబ్దాల్లో గడువు ప్రకారం పాలకమండలి మారింది ఒక్కసారి, 2021లో మాత్రమే.

ఊళ్ల పరిస్థితీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గడువు తీరిన పంచాయతీలకు 2013లో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1 నాటికి ముగిస్తే, పోలింగ్ 2025 డిసెంబరులో వచ్చింది. ఆ మధ్యకాలంలో కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. పంచాయతీ కార్యదర్శులు జేబులోంచి డబ్బు తీసి ట్రాక్టర్‌కు డీజిల్ పోయించుకుంటున్నారని పత్రికల్లో చదివాం. మున్సిపాలిటీల్లో ఎక్కువ వాటికి 2025లో దాదాపు ఏడాదంతా ప్రత్యేకాధికారులే.

ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈ కాలంలో కాంగ్రెస్ పాలించింది, తెలుగుదేశం పాలించింది, టీఆర్‌ఎస్ పాలించింది, మళ్లీ కాంగ్రెస్ పాలిస్తోంది. కాబట్టి నేను ఏ ఒక్క పార్టీ మీదో ఫిర్యాదు చేయడం లేదు. ఈ లేఖ మీ అందరికీ.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ గురించీ ఒక మాట. అక్కడ బోర్డుకు చివరి ఎన్నిక 2015 జనవరిలో జరిగింది. పొడిగింపులు కూడా 2021 ఫిబ్రవరితో అయిపోయాయి. 2023 ఏప్రిల్ 30న ఎన్నిక అని నోటిఫికేషన్ ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. అది రక్షణ శాఖ కింద ఉన్న బోర్డు, మీ చేతిలో లేదని తెలుసు. కానీ అక్కడ ఉన్నవాళ్లు మీ ఓటర్లే.

3. ప్రత్యేకాధికారి పాలనలో ఖర్చు పెట్టేవారూ, లెక్క అడగాల్సినవారూ ఒకరే. 

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. కార్పొరేషన్‌లో బడ్జెట్ అధికారులు తయారుచేస్తారు. కొద్దిమంది కార్పొరేటర్లతో ఉండే స్టాండింగ్ కమిటీ చూస్తుంది. సర్వసభ్య సమావేశంలో చర్చ జరుగుతుంది. ఫలానా రోడ్డుకు ఇన్ని కోట్లు ఎందుకు, మా డివిజన్ నాలాకు సున్నా ఎందుకు అని ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అరుపులు ఉంటాయి, వాకౌట్లు ఉంటాయి. అయినా ఆ ప్రశ్న రికార్డులోకి ఎక్కుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది, అధికారి జవాబు చెప్పాల్సి వస్తుంది. ప్రత్యేకాధికారి వచ్చాక పాలకమండలి అధికారం, స్టాండింగ్ కమిటీ అధికారం ఆయనకే దఖలు పడతాయి. కింద నుంచి వచ్చిన ఫైలును ఆమోదించేదీ, దాని మీద ప్రశ్న అడగాల్సిందీ ప్రభుత్వం నియమించిన ఒక్క అధికారే. ఆ అధికారి ఎంత నిజాయితీపరులైనా కావచ్చు. నేను వ్యక్తుల గురించి మాట్లాడటం లేదు.

రాజ్యాంగబద్ధ పాలనకు మూలం ఏమిటంటే, ఖర్చు పెట్టే చేయి ఒకటి, అనుమతి ఇచ్చే చేయి ఇంకొకటి, తప్పు జరిగితే ఆపే చేయి వేరొకటి ఉండాలి. ఢిల్లీలో పార్లమెంటు ఆమోదం లేకుండా ఖజానా నుంచి రూపాయి తీయలేరు. మీ సభ ఓటు వేయకుండా రాష్ట్ర ప్రభుత్వమూ తీయలేదు. అదే ఏర్పాటు నగరానికి వచ్చేసరికి ఎందుకు అక్కర్లేకుండా పోతోంది? ఇక్కడ మేం కట్టే ఆస్తి పన్ను ఉంది. ఏప్రిల్‌లో ముందే కడితే ఐదు శాతం తగ్గింపు వస్తుందని మా షాపు ముందు క్యూ కట్టి మరీ రసీదులు తీసుకుంటారు. అద్దె ఇంటివాళ్లు కూడా అద్దె రూపంలో ఆ పన్ను భారం మోస్తున్నారు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పడానికి మా తరఫున ఒక్క గొంతు లేదు.

4. ఇదే పరిస్థితి మీ సభకు వస్తే మీరు ఒప్పుకుంటారా? 

172వ ఆర్టికల్ ప్రకారం శాసనసభ గడువు ఐదేళ్లు. 174వ ఆర్టికల్ ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. 356 కింద రాష్ట్రపతి పాలన పెట్టినా దానికి ఎన్నో కట్టుబాట్లు ఉన్నాయి. రెండు నెలల్లో పార్లమెంటు ఉభయసభలు ఒప్పుకోవాలి. ఒకసారి ఒప్పుకుంటే ఆరు నెలలే. ఏడాది దాటాలంటే షరతులు మరింత కఠినం. ఎలా చూసినా మూడేళ్లకు మించి లేదు. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు తర్వాత కోర్టులు కూడా దాన్ని పరిశీలించవచ్చు. నగరానికి పెట్టే ప్రత్యేకాధికారి పాలనకు ఇలాంటి కట్టుబాటు ఒక్కటీ కనిపించదు. ఒక జీవోతో వస్తుంది, ఇంకో జీవోతో దానికి పొడిగింపు వస్తుంది.

1984 ఆగస్టులో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని పడగొట్టినప్పుడు ఈ నగరం ఎలా ఉడికిపోయిందో మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నుకున్న ప్రభుత్వాన్ని పక్కదారిన తీసేస్తే ఊరుకోమని జనం చూపించారు. అధికారం కోసం కొట్లాడే పార్టీలున్నాయి కాబట్టి అప్పుడు ఆ గొంతుకు బలం వచ్చింది. డివిజన్ స్థాయిలో పాలకమండలి లేకుండా నెలలు గడిచిపోతే మా కోసం రోడ్డెక్కే పెద్ద నాయకుడు ఎవరూ లేరు. పైగా, మీరు కోపం తెచ్చుకోవద్దు, కార్పొరేటర్ లేకపోతే ఆ పనులన్నీ ఎమ్మెల్యే చేతికి వస్తాయని, అందుకే ఏ పార్టీ ఎమ్మెల్యే కూడా తొందరపడడని బస్తీల్లో జనం అనుకుంటున్నారు. ఆ మాట నిజం కాదని మీరే చూపించాలి.

5. ఆలస్యానికి చెప్పే కారణాలు నిలిచేవి కావు. 

డివిజన్ల పునర్విభజన అంటారు, రిజర్వేషన్లు తేలలేదంటారు. 2025 చివర్లో చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థలను గ్రేటర్‌లో కలిపారు, 150 డివిజన్లు 300 అయ్యాయి. నగరం పెరిగింది, హద్దులు మార్చాల్సిందే, కాదనను. అయితే పాలకమండలి గడువు ఎప్పుడు తీరుతుందో 2021 ఫిబ్రవరి 11నే అందరికీ తెలుసు. ఐదేళ్ల ముందు తెలిసిన తేదీకి రెండు మూడు నెలల ముందు హద్దులు గీయడం మొదలుపెడితే ఆ తప్పు ఓటరుది ఎలా అవుతుంది? 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు, పునర్విభజన పూర్తికాలేదని గానీ ఓబీసీ రిజర్వేషన్ కసరత్తు పూర్తికాలేదని గానీ ఎన్నికలు ఆపకూడదని స్పష్టంగా చెప్పింది.

కేరళను చూడండి. అక్కడా 2020 డిసెంబరులోనే స్థానిక ఎన్నికలు జరిగాయి. అక్కడా ఈ మధ్యే వార్డుల పునర్విభజన చేశారు. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షుడిగా ఉన్న డీలిమిటేషన్ కమిషన్ ఆ పని పూర్తిచేసింది. 2025 డిసెంబరు 9, 11 తేదీల్లో పోలింగ్ జరిగి, పాత సభ్యులు దిగిన వెంటనే కొత్త సభ్యులు ప్రమాణం చేశారు. రాజ్యాంగం ఒకటే, ఐదేళ్ల గడువు ఒకటే. వాళ్లకు సాధ్యమైంది మనకు ఎందుకు కాదు?

బీసీలకు న్యాయమైన వాటా రావాలన్నది నా మనసులోని మాట కూడా. మా బస్తీలో సగానికి పైగా వాళ్లే. కానీ ఎన్నికే లేకపోతే వాళ్లకు దక్కేది ఒక్క సీటు కూడా కాదు. మహిళలకు ఇక్కడ సగం సీట్లు రిజర్వు. పాలకమండలి లేని ప్రతి నెలా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా సభ్యులు కూర్చోవాల్సిన కుర్చీలన్నీ ఖాళీ.

'మీరు ఓటే వేయరు కదా' అని కొందరు నాయకులు అంటారు. 2020లో నగరంలో సగం మంది కూడా పోలింగ్‌కు రాలేదన్నది నిజం. అది మా లోపం, ఒప్పుకోవాల్సిందే. అయితే వచ్చినవాళ్ల ఓటు ఏం చేసిందో కూడా చూడాలి. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు నగరం మునిగింది. రెండు నెలల్లోపే ఎన్నికలు వచ్చాయి. వరద బాధితులకు ఇస్తామన్న పదివేల రూపాయల సాయం గురించి, నాలాల గురించి ప్రతి పార్టీ మా గల్లీల్లో నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. ఎన్నిక దగ్గర లేని ఏడాదిలో అదే వరద వచ్చి ఉంటే ఆ వేగం ఉండేదా?

6. పాలకమండలి ఉన్నా దాని చేతిలో సగం పనులు లేవు. 

12వ షెడ్యూలులో నగర పాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు రాశారు. నగర ప్రణాళిక, నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, అగ్నిమాపక సేవలు, మురికివాడల అభివృద్ధి, పార్కులు, శ్మశానాలు, వీధి దీపాలు, జనన మరణాల నమోదు అన్నీ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో నీళ్లు, మురుగు జలమండలి చూస్తుంది. మాస్టర్ ప్లాన్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చూస్తుంది. అగ్నిమాపకం రాష్ట్ర శాఖ. వాననీటి నాలాలు కార్పొరేషన్‌వి. మురుగు లైను పగిలి నాలాలో కలిస్తే, నాలా పొంగి ఇంట్లోకి వస్తే, ఆ బురద ఏ శాఖదో తేల్చుకోవడం ఇళ్లలో పనిచేసే మనిషి వల్ల అవుతుందా? పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని 243జడ్‌ఈ చెప్తోంది. అందులో మూడింట రెండొంతుల మంది స్థానికంగా ఎన్నికైన సభ్యుల్లోంచి, వాళ్ల ఓటుతోనే రావాలి. స్థానికంగా ఎన్నికైనవాళ్లే లేనప్పుడు ఆ కమిటీలో కూర్చునేది ఎవరు?

మూడు లక్షలు దాటిన నగరంలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అంటోంది. మా బస్తీలో అడిగితే వార్డు కమిటీ సమావేశం చూశామని చెప్పినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇక మా డిమాండ్లు. వీటిలో ఏదీ కొత్త కోరిక కాదు, అన్నీ రాజ్యాంగంలో ఉన్నవి, లేదా దాన్ని అమలు చేయడానికి చట్టంలో మీరు రాయగలిగినవి.

ఒకటి. గ్రేటర్ పరిధిలో పాలకమండలి లేని ప్రతిచోటా ఎన్నికల తేదీ వెంటనే ప్రకటించాలి. ప్రకటించే అధికారం మీకు లేదని అనకండి. ప్రభుత్వాన్ని సభలో నిలబెట్టి అడిగే అధికారం మీకుంది.

రెండు. మున్సిపల్ చట్టాలను సవరించాలి. పాలకమండలి గడువు తీరడానికి ఏడాది ముందే పునర్విభజన, ఆరు నెలల ముందే రిజర్వేషన్ల ఖరారు పూర్తికావాలి. కాకపోతే పాత హద్దులతో, అప్పటికి చెల్లుబాటులో ఉన్న రిజర్వేషన్లతో ఎన్నిక జరగాలి. పునర్విభజన పనిని కేరళలోలాగా ఎన్నికల కమిషనర్ నాయకత్వంలోని సంఘానికి అప్పగించాలి. ఈ సవరణ ఒక్కటి చేస్తే వచ్చే పాతికేళ్ల గొడవ తీరుతుంది.

మూడు. ప్రత్యేకాధికారి ఉన్నంతకాలం కొత్త పన్నులు, పెద్ద టెండర్లు, భూముల వ్యవహారాల మీద నిర్ణయాలు తీసుకోకుండా నిషేధం ఉండాలి. తీసుకునే ప్రతి తీర్మానం తెలుగులో, ఉర్దూలో వారం లోపు సర్కిల్ ఆఫీసు గోడ మీద అంటించాలి. ఆ కాలం బడ్జెట్‌ను మీ సభ ముందు పెట్టి చర్చించాలి.

నాలుగు. ఎన్నిక జరిగేదాకా ఆగకుండా, ప్రతి డివిజన్‌లో నెలకోసారి బహిరంగ సభ పెట్టాలి. కార్పొరేషన్, జలమండలి, విద్యుత్ అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఒకసారి ఇచ్చిన అర్జీని 'మా పరిధి కాదు' అని తిప్పి పంపకూడదు. ఎవరి పరిధో వాళ్లే తేల్చుకుని, అర్జీదారుకు రాతపూర్వకంగా చెప్పాలి. తిరగాల్సింది కాగితం, మనిషి కాదు.

ఐదు. రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సులన్నిటినీ, వాటి మీద ఏ చర్య తీసుకున్నారో వివరించే పత్రంతో సహా శాసనసభ ముందు పెట్టాలని 243వై ఆర్టికల్ చెప్తోంది. నగరాలకు ఎంత వాటా రావాలో, ఎంత వచ్చిందో ఆ పత్రాలు పట్టుకుని మీరు చర్చించాలి.

ఆరు. కంటోన్మెంట్ బోర్డుకు ఎన్నికలు పెట్టాలని, లేదంటే అక్కడి పౌర ప్రాంతాలను కార్పొరేషన్‌లో కలిపే సంగతి ఒక తేదీలోపు తేల్చాలని కేంద్రాన్ని కోరుతూ సభలో తీర్మానం చేయాలి.

ఏడు. ఇది మీలో ఒక్కొక్కరికీ విడిగా అడుగుతున్నది. శాసనసభలో 119 మంది, మండలిలో 40 మంది ఉన్నారు. వచ్చే సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయానికి ఒక్క ప్రశ్న పంపండి: ఎన్నికైన పాలకమండలి లేని పట్టణ సంస్థలు రాష్ట్రంలో ఎన్ని, ఎప్పటి నుంచి, ఎన్నిక ఏ తేదీన? నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నగా వేస్తే మంత్రి గారు నోటితో జవాబు చెప్పాలి, మీరు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. ప్రశ్న నేనే టైపు చేసి, ఈ లేఖ ప్రతితో పాటు స్పీడ్ పోస్టులో మీ అందరికీ పంపుతున్నాను. సంతకం పెట్టి సభ కార్యాలయానికి ఇస్తే చాలు. ఎవరు ప్రశ్న వేశారో, ఏం జవాబు వచ్చిందో మా బస్తీ సంఘం నోటీసు బోర్డు మీద పెడతాం.

ఇట్లు,
అర్జీలు టైపు చేసే ఒక ఓటరు,
బస్తీ సంఘం సభ్యుల తరఫున,
హైదరాబాద్.